బయో-ర్యాడ్ పీగ్లో కిట్: మెరిసే ప్లేటు సరే, మెరవని ప్లేటే అసలు పాఠం

డిగ్రీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ ల్యాబుల్లో బ్యాక్టీరియాలోకి కొత్త జన్యువు ఎక్కించి చూపించాలనుకుంటే ముందుగా వినిపించే పేరు బయో-ర్యాడ్ వాళ్ల పీగ్లో ట్రాన్స్‌ఫర్మేషన్ కిట్. జెల్లీఫిష్ నుంచి తీసిన, జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు ఎక్కిన ఈ.కోలై బ్యాక్టీరియా యూవీ లైటు కింద పచ్చగా మెరుస్తుంది. విద్యార్థులు ఫొటోలు తీసుకుంటారు, రికార్డులో "ట్రాన్స్‌ఫర్మేషన్ జరిగింది" అని రాస్తారు, క్లాసు అయిపోతుంది. అలా ముగిస్తే కిట్టుకి పెట్టిన డబ్బులో సగం వృథా. ఎందుకంటే అదే ప్లాస్మిడ్ (జన్యువుని మోసుకెళ్లే చిన్న డీఎన్‌ఏ వలయం) ఎక్కిన అదే బ్యాక్టీరియా పక్క ప్లేటులో హాయిగా పెరిగి కూడా మెరవదు. జన్యువు ఉండి కూడా ఎందుకు పని చెయ్యలేదన్న ప్రశ్నకి జవాబు వెతకడానికే జీవశాస్త్రవేత్తలు ఎల్లిస్ ఎంగెల్స్‌బర్గ్, ఆయన తర్వాత రాబర్ట్ ష్లైఫ్ తమ పరిశోధన జీవితంలో పెద్ద భాగం పెట్టారు. ఈ కిట్ ఎంత బాగా పనిచేస్తుందో చెబుతూనే, వాళ్లిద్దరి పాఠాన్ని అందులోంచి ఎలా రాబట్టుకోవచ్చో కూడా ఈ సమీక్షలో చెబుతాం.

ముందు పెట్టెలో ఏముందో చూద్దాం. నలుగురేసి విద్యార్థుల ఎనిమిది బృందాలకి సరిపడా సరుకు ఉంటుంది: ఎండబెట్టిన హెచ్‌బీ101 (ఈ.కోలైలో ఒక ల్యాబ్ రకం) బ్యాక్టీరియా వయల్ ఒకటి, ఎండబెట్టిన పీగ్లో ప్లాస్మిడ్ 20 మైక్రోగ్రాములు, ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ 30 మి.గ్రా., అరాబినోజ్ అనే చక్కెర 600 మి.గ్రా., కాల్షియం క్లోరైడ్ ఉన్న ట్రాన్స్‌ఫర్మేషన్ ద్రావణం, ఎల్‌బీ బ్రాత్ (బ్యాక్టీరియాకి ద్రవాహారం), 500 మి.లీ.కి సరిపడే ఎల్‌బీ అగార్ పొడి, 40 చిన్న పెట్రీ ప్లేట్లు, రంగురంగుల మైక్రోట్యూబులు, ప్లాస్టిక్ లూపులు, పిపెట్లు, చేతిలో పట్టే చిన్న యూవీ పెన్ను. డ్రై ఐస్ అక్కర్లేదు, మైనస్ 80 ఫ్రీజర్ అక్కర్లేదు. మామూలు కాలేజీకి ఇది చాలా పెద్ద సౌకర్యం. గది ఉష్ణోగ్రతలో నిల్వ ఉంటుందని చెబుతారు కానీ మన మే నెల గదిని ఆ లెక్కలోకి తీసుకోకండి. వచ్చిన రోజే బ్యాక్టీరియా, ప్లాస్మిడ్, ఆంపిసిలిన్, అరాబినోజ్ వయల్స్‌ని ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

పెట్రీ ప్లేట్ల లెక్క మాత్రం మాకు నచ్చలేదు. ఒక్కో బృందానికి ప్రయోగం ప్లేట్లు నాలుగు, స్టార్టర్ ప్లేటు ఒకటి. ఎనిమిది బృందాలకి కచ్చితంగా 40. ఒక్కటి పగిలినా, ఒక్కదానిలో బూజు పట్టినా ఒక బృందం ఖాళీగా కూర్చోవాలి. అగార్ మాత్రం మిగులుతుంది. ప్లేటుకి 10 మి.లీ. చొప్పున పోస్తే 400 మి.లీ. చాలు, చేసేది 500. అంచేత విడిగా ఓ పది స్టెరైల్ ప్లేట్లు కొని పెట్టుకోండి. కింద చెప్పబోయే అదనపు ప్రయోగానికీ అవే కావాలి.

ప్లేట్లు పోసే వరుసలోనే చాలామంది దెబ్బతింటారు. అగార్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, ముద్దలు లేకుండా పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. మైక్రోవేవ్ చాలు, పొంగకుండా పెద్ద ఫ్లాస్కు వాడాలి. తర్వాత 50 డిగ్రీలకి చల్లారనివ్వాలి. ఫ్లాస్కుని అరచేత్తో కొన్ని క్షణాలు పట్టుకోగలిగే వేడి అన్నమాట. ముందు ఏమీ కలపని ఎల్‌బీ ప్లేట్లు 16 పొయ్యండి. మిగిలిన 340 మి.లీ.లో ఆంపిసిలిన్ మొత్తం కలిపి మరో 16. మిగిలిన దాంట్లో అరాబినోజ్ మొత్తం కలిపి చివరి 8. లెక్కకి ఆంపిసిలిన్ మి.లీ.కి సుమారు 88 మైక్రోగ్రాములు, అరాబినోజ్ 0.3 శాతానికి కాస్త పైన పడతాయి. రెండూ సరిపోతాయి. మొదటి ప్లేట్లు దట్టంగా పోసేస్తే కరువొచ్చేది చివరి ప్లేట్లకే, అంటే మెరవాల్సిన ప్లేట్లకే. అరాబినోజ్ పొడి ఒక పట్టాన కరగదు. 3 మి.లీ. ట్రాన్స్‌ఫర్మేషన్ ద్రావణం పోసి కనీసం పది నిమిషాలు, మధ్యమధ్యలో కదుపుతూ ఉంచాలి. కరక్కుండా కలిపితే ఒక ప్లేటు ధగధగలాడుతుంది, పక్క ప్లేటు వెలవెలబోతుంది. ఇక అగార్ మరీ వేడిగా ఉండగా ఆంపిసిలిన్ పోస్తే దాని పని అప్పుడే అయిపోయినట్టు. మర్నాడు ప్లాస్మిడ్ లేని బ్యాక్టీరియా కూడా ఆ ప్లేటు నిండా పరుచుకుంటుంది.

స్టార్టర్ ప్లేట్లు ప్రయోగానికి ముందురోజే గీసుకోవాలి. వయల్‌లో 250 మైక్రోలీటర్ల ఎల్‌బీ బ్రాత్ పోసి ఐదు నిమిషాలాగి, లూపుతో నాలుగు భాగాలుగా స్ట్రీక్ చేసి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. కాలనీలు తాజాగా ఉండాలి. మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టిన ప్లేటుతో మొదలుపెట్టిన బృందాలకి నాలుగైదు కాలనీలు కూడా రాకపోవడం మామూలే. పెరుగుదల జోరు మీదున్న కణాలే ప్లాస్మిడ్‌ని బాగా పుచ్చుకుంటాయి.

ప్లాస్మిడ్ వయల్‌లో 250 మైక్రోలీటర్ల ట్రాన్స్‌ఫర్మేషన్ ద్రావణం పోస్తే మైక్రోలీటరుకి 0.08 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ అవుతుంది. బృందానికి రెండు ట్యూబులు: ఒకదానిలో ప్లాస్మిడ్ పడుతుంది, రెండోదానిలో పడదు. రెండింట్లోనూ 250 మైక్రోలీటర్ల ట్రాన్స్‌ఫర్మేషన్ ద్రావణం పోసి ఐస్‌లో పెట్టి, ఒక్కో కాలనీ లూపుతో తీసి కలపాలి. ముద్ద పూర్తిగా విడిపోయి ద్రావణం సమంగా మసకబారాలి, ముక్కలు తేలుతూ ఉండకూడదు. ముద్ద లోపలి కణాలకి కాల్షియం అందదు, డీఎన్‌ఏ అంతకన్నా అందదు. తర్వాత కొత్త లూపుని ప్లాస్మిడ్‌లో ముంచి తియ్యండి. లూపు రింగుకి అడ్డంగా సబ్బు బుడగ పొరలాంటి పలచని తెర కనిపించాలి. ఆ తెరలో ఉండేదే 10 మైక్రోలీటర్లు. మొత్తం ప్రయోగంలో ఎక్కువసార్లు చెడేది ఇక్కడే. తెర లేని లూపుని ముంచితే ట్యూబులోకి ఏమీ వెళ్లదు, ఆ సంగతి మర్నాటిదాకా ఎవరికీ తెలియదు.

ఐస్‌లో 10 నిమిషాలు, 42 డిగ్రీల నీళ్లలో 50 సెకన్లు (ఇదే హీట్ షాక్), మళ్లీ ఐస్‌లో 2 నిమిషాలు. ఇక్కడ వేగమే ముఖ్యం. ట్యూబుల అడుగు భాగాలు ఫోమ్ ర్యాక్ కింది నుంచి బయటికి వచ్చి నీళ్లని, ఐస్‌ని నేరుగా తాకాలి. ఐస్ క్యూబులు కాదు, పగలగొట్టి కాస్త నీళ్లు కలిపిన ఐస్ వాడండి. క్యూబుల మధ్య ఖాళీల్లో ట్యూబు సరిగ్గా చల్లబడదు. ఐస్ గిన్నెనీ వాటర్ బాత్‌నీ పక్కపక్కనే పెట్టుకోండి, గదికి అటొకటి ఇటొకటి పెడితే హీట్ షాక్ కాస్తా నులివెచ్చని స్నానమవుతుంది. ఆ తర్వాత 250 మైక్రోలీటర్ల ఎల్‌బీ బ్రాత్ పోసి గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు ఉంచమంటారు. ఆంపిసిలిన్‌ని విరగ్గొట్టే బీటా-లాక్టమేజ్ ఎంజైము తయారవడానికే ఆ వ్యవధి. పీరియడ్‌లో సమయం మిగిలితే 37 డిగ్రీల్లో అరగంట ఉంచండి, కాలనీల సంఖ్య పెరుగుతుంది. ఆపైన ప్లేటుకి 100 మైక్రోలీటర్లు పోసి, లూపు చదునైన వైపుతో అగార్ చీరుకుపోకుండా పరవాలి.

మర్నాడు కనిపించాల్సింది ఇదీ. ప్లాస్మిడ్ లేని బ్యాక్టీరియా ఉత్త ఎల్‌బీ మీద ప్లేటంతా పచ్చికలా పరుచుకోవాలి, ఆంపిసిలిన్ మీద ఒక్కటి కూడా రాకూడదు. ప్లాస్మిడ్ ఉన్నవి ఆంపిసిలిన్ మీద విడివిడి కాలనీలుగా, మామూలు లేత గోధుమరంగులో రావాలి. ఆంపిసిలిన్, అరాబినోజ్ రెండూ ఉన్నచోట అంతే సంఖ్యలో వచ్చి, యూవీ కింద మెరవాలి. పరిచిన 100 మైక్రోలీటర్లు మొత్తం 510లో సుమారు ఐదో వంతే కాబట్టి ప్లేటు మీదికి చేరిన డీఎన్‌ఏ 0.16 మైక్రోగ్రాములు. 160 కాలనీలు వస్తే మైక్రోగ్రాముకి 1000 అన్నమాట. ఈ పద్ధతికి అది చక్కటి ఫలితం. పరిశోధన ల్యాబుల్లో వాడే కాంపిటెంట్ కణాలు ఇంతకి లక్ష రెట్లు ఇస్తాయి గానీ, పాఠానికి అంత అక్కర్లేదు. ప్లేట్లని 24 గంటలు దాటి ఇంక్యుబేటర్‌లో వదలకండి. పెద్ద కాలనీ చుట్టూ ఆంపిసిలిన్ విరిగిపోయి, ప్లాస్మిడ్ లేని బుల్లి బుల్లి కాలనీలు పుట్టుకొస్తాయి. వాటిని కూడా లెక్కపెడితే సంఖ్య తప్పుతుంది. యూవీ పెన్ను వెలుతురు తక్కువ, గది బాగా చీకటి చెయ్యాల్సిందే. ఈ జీఎఫ్‌పీ మెరవడానికి 395 నానోమీటర్ల దగ్గరి యూవీ కావాలి. స్టెరిలైజేషన్‌కి వాడే 254 నానోమీటర్ల దీపం ఇక్కడ పనికిరాదు, పైగా కళ్లకి ప్రమాదం.

ఇక్కడితో మాన్యువల్ పని అయిపోతుంది. అరాబినోజ్ వచ్చి అరా-సీ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ వచ్చి జీఎఫ్‌పీ జన్యువుని చదువుతుందని ఒక బొమ్మ వేసి వదిలేస్తారు. తప్పు కాదు, కానీ ఆ బొమ్మలోని ప్రతి గీత వెనకా పెద్ద వాదోపవాదాలే నడిచాయి.

మన పాఠ్యపుస్తకాల్లో ఆపెరాన్ (ఒకే స్విచ్‌తో నడిచే జన్యువుల గుంపు) అంటే లాక్టోజ్ చక్కెరకి సంబంధించిన లాక్ ఆపెరానే. 1961లో జాకబ్, మోనో చెప్పిన పద్ధతి అది: రెప్రెసర్ ప్రోటీన్ జన్యువుకి అడ్డుకట్ట వేస్తుంది, చక్కెర వచ్చి ఆ అడ్డు తీసేస్తుంది. రెప్రెసర్ జన్యువే చెడిపోతే ఆపెరాన్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. జన్యువుల నియంత్రణ అంతా ఇలాగే ఉంటుందని అప్పట్లో చాలామంది నమ్మారు. ఎంగెల్స్‌బర్గ్ చూసిన అరాబినోజ్ వ్యవస్థ దానికి ఎదురు తిరిగింది. అరా-సీ జన్యువు చెడితే ఆపెరాన్ ఎప్పుడూ పనిచెయ్యడం కాదు, అసలు మొదలవడమే మానేసింది. ఈ మ్యూటెంట్లను (జన్యువు చెడిన రకాలను) ఆయన పట్టుకున్న తీరు చాలా తెలివైనది. అరాబినోజ్‌ని వాడుకునే వరుసలో తర్వాతి దశని నడిపే అరా-డీ జన్యువు చెడిన బ్యాక్టీరియాకి అరాబినోజ్ తగిలితే రైబ్యులోజ్-5-ఫాస్ఫేట్ లోపల పేరుకుపోయి పెరుగుదల ఆగిపోతుంది. అరాబినోజ్ ఉన్నా పెరిగేవాటిని ఏరితే, ముందు దశలు పనిచెయ్యని మ్యూటెంట్లు వాటంతటవే చేతికొస్తాయి. వాటిలో అరా-సీ చెడినవీ ఉంటాయి. 1965లో ఆయన బృందం దీన్ని పాజిటివ్ కంట్రోల్ (అడ్డు తియ్యడం కాదు, జన్యువుని తట్టిలేపడం) అని ప్రకటిస్తే ఒప్పుకోవడానికి చాలామంది వెనకాడారు. ఇది రెండు రెప్రెసర్ల గొలుసు, అంటే ఒక రెప్రెసర్‌ని ఇంకొకటి ఆపడం కావచ్చుగా అన్నది వాళ్ల వాదన.

ఆ అనుమానం తీరాలంటే కణంతో పనిలేకుండా, గొట్టంలో చూపించాలి. ఫిజిక్స్ వైపు నుంచి జీవశాస్త్రంలోకి వచ్చి, హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్ దగ్గర పోస్ట్‌డాక్ చేసిన ష్లైఫ్ ఆ పనికి పూనుకున్నారు. 1971లో గ్రీన్‌బ్లాట్, ష్లైఫ్ ఒకవైపు, జుబే, ఎంగెల్స్‌బర్గ్ బృందం మరోవైపు కణరహిత వ్యవస్థల్లో అరా-సీ ప్రోటీన్ కలిపితేనే ఆపెరాన్ పనిచేస్తుందని చూపించారు. పాజిటివ్ కంట్రోల్ గట్టిగా నిలబడింది అక్కడే.

కథలో మరో మెలిక ఉంది. 1969లోనే ఎంగెల్స్‌బర్గ్ బృందం అరా-సీకి రెండు అవతారాలున్నాయని జన్యుశాస్త్రంతో చూపించింది. అరాబినోజ్ ఉంటే అదే ఆపెరాన్‌ని నడుపుతుంది, లేకపోతే అదే అణచిపెడుతుంది. విచిత్రమేమిటంటే, అణచడానికి కావాల్సిన డీఎన్‌ఏ భాగం ప్రొమోటర్ (జన్యువుని చదవడం మొదలయ్యే చోటు) దగ్గర లేదు, ఎక్కడో ఎగువన ఉన్నట్టు తేలింది. అంత దూరం నుంచి ఎలా ఆపుతుంది?

బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ష్లైఫ్ బృందం 1984లో ఇచ్చిన జవాబు జన్యు నియంత్రణ చదివే ప్రతి విద్యార్థికీ చెప్పాల్సిన ప్రయోగం. ప్రొమోటర్ మొదలుకి 280 బేస్ జతల ఎగువన ఓ-2 అనే ఆపరేటర్ (అరా-సీ అతుక్కునే చోటు) ఉందని చూపించి, ఆ రెండింటి మధ్య డీఎన్‌ఏలో కొన్ని అదనపు అక్షరాలు చొప్పించారు. 5 చొప్పిస్తే అణచివేత దెబ్బతింది. 11 చొప్పిస్తే మళ్లీ సరిగ్గా పనిచేసింది. దూరం ఎక్కువైంది 11 పెట్టినప్పుడు, పాడైంది మాత్రం 5 పెట్టినప్పుడు! డీఎన్‌ఏ మెలికలో ఒక పూర్తి చుట్టుకి సుమారు పదిన్నర అక్షరాలు పడతాయి. సగం చుట్టు తిప్పితే ఓ-2 అవతలి ముఖానికి వెళ్లిపోతుంది, పూర్తి చుట్టు తిప్పితే తన ముఖానికి తిరిగొస్తుంది. అంటే అరా-సీ జంట ఒక చేత్తో ఓ-2ని, రెండో చేత్తో ప్రొమోటర్ పక్కనున్న ఐ-1ని పట్టుకుని, మధ్యనున్న 210 అక్షరాల డీఎన్‌ఏని ఉచ్చులా వంచుతోందన్నమాట. అరాబినోజ్ తగలగానే ప్రోటీన్ ఆకారం మారి, ఓ-2ని వదిలి, పక్కపక్కనే ఉన్న ఐ-1, ఐ-2 మీద కూర్చుంటుంది. ఉచ్చు విడిపోతుంది, పాలిమరేజ్ పని మొదలవుతుంది. గెలాక్టోజ్ ఆపెరాన్‌లో జన్యువు లోపలే ఒక ఆపరేటర్ ఉందని శంకర్ ఆధ్య బృందం 1983లో చూపించింది. ఇలాంటి ఉచ్చులు తర్వాత లాక్ ఆపెరాన్‌లో, లాంబ్డా ఫేజ్ అనే బ్యాక్టీరియా వైరస్‌లో కూడా బయటపడ్డాయి. మన కణాల్లో ఎన్‌హాన్సర్లు అనే డీఎన్‌ఏ భాగాలు వేల అక్షరాల దూరం నుంచి జన్యువుని ఎలా తట్టిలేపుతాయో ఆలోచించడానికి కూడా ఈ భావనే పునాది అయింది. జాన్స్ హాప్కిన్స్‌కి మారాక ష్లైఫ్, సింథియా వోల్బర్గర్ బృందంతో కలిసి 1997లో అరా-సీలో అరాబినోజ్‌ని పట్టుకునే భాగపు నిర్మాణాన్ని కూడా తేల్చారు. ఒక్క ప్రోటీన్‌నే పట్టుకుని ఇంతకాలం వదలకుండా అడుగుతూ పోయిన పరిశోధకులు అరుదు. అదేం చిన్న మూల విషయం కూడా కాదు. కలరా బ్యాక్టీరియాలో విషం తయారీని నడిపే టాక్స్-టీ, ఈ.కోలైలో యాంటీబయాటిక్‌లని తట్టుకునే శక్తిని పెంచే మార్-ఏ, రెండూ అరా-సీ కుటుంబంలోవే.

1995లో బెక్‌విత్ ల్యాబు ఈ ప్రొమోటర్‌ని, అరా-సీ జన్యువుని కలిపి పీబ్యాడ్ వెక్టర్లు (కోరిన జన్యువుని మోసే ప్లాస్మిడ్లు) తయారుచేసింది. కావాల్సినప్పుడు నడిపి, వద్దనుకున్నప్పుడు గట్టిగా ఆపగలిగే ప్రొమోటర్‌గా అవి ప్రపంచమంతా పాకాయి. పీగ్లోలో ఉన్నది ఆ ఏర్పాటే, ఎంజైము జన్యువుల చోట జీఎఫ్‌పీ పెట్టారు. కిట్ తయారీదారులు ఈ జతని ఎంచుకోవడం గొప్ప నిర్ణయం. హెచ్‌బీ101ని ఎంచుకోవడం కూడా తెలివైన పనే. దానికి అరాబినోజ్‌ని తినే శక్తి లేదు, కాబట్టి స్విచ్ వేసిన చక్కెర ప్లేటులో చివరిదాకా మిగిలే ఉంటుంది.

అందుకే ఈ మూడు అదనపు పనులు చెయ్యమని గట్టిగా చెబుతున్నాం. మొదటిది: ఆంపిసిలిన్ ప్లేటు మీది మెరవని కాలనీని అరాబినోజ్ ప్లేటు మీదికి, మెరిసేదాన్ని ఉత్త ఆంపిసిలిన్ ప్లేటు మీదికి మార్చి గీయండి. మర్నాటికి మెరవనిది మెరుస్తుంది, మెరిసేదాని వారసుల్లో వెలుగు తగ్గిపోతుంది. పాత జీఎఫ్‌పీ త్వరగా విరగదు కాబట్టి గీత మొదట్లో కాస్త మిగులు కాంతి ఉంటే కంగారుపడకండి. రెండోది: చివర్లో మిగిలిన 100 మి.లీ. ఆంపిసిలిన్-అరాబినోజ్ అగార్‌లో విడిగా స్టెరిలైజ్ చేసిన 20 శాతం గ్లూకోజ్ 5 మి.లీ. కలిపి, అదనపు ప్లేట్లలో పొయ్యండి. అరాబినోజ్ ఉండి కూడా కాలనీల వెలుగు బాగా మందగిస్తుంది. గ్లూకోజ్ ఉన్నంతసేపు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గుతుంది, దాంతో పనిచేసే సీఆర్‌పీ ప్రోటీన్ సాయం ప్రొమోటర్‌కి అందదు, అరాబినోజ్ లోపలికి రావడం కూడా తగ్గుతుంది. ల్యాబ్ గ్రేడ్ డెక్స్‌ట్రోజ్ వాడండి, ఇతర పదార్థాలు కలిసిన ఎనర్జీ డ్రింకు పొడులు వద్దు. మూడోది: అరాబినోజ్ అయిపోయి విడిగా కొనాల్సి వస్తే ఎల్-అరాబినోజ్ అని సీసా మీద చూసి మరీ కొనండి. డీ-అరాబినోజ్‌తో ఈ స్విచ్ పడదు. రెండూ కొనగలిగితే పక్కపక్కనే పెట్టి చూపించండి. ప్రోటీన్ ఎంత నిక్కచ్చిగా అణువుని గుర్తుపడుతుందో కళ్లారా చూసినట్టు ఉంటుంది.

ఒక హెచ్చరిక. అరాబినోజ్ తగ్గించుకుంటూ పోయి "ప్రతి కణంలోనూ వెలుగు సగమైంది" అని చెప్పకండి. తక్కువ అరాబినోజ్ దగ్గర కొన్ని కణాలు పూర్తిగా వెలుగుతాయి, కొన్ని అసలు వెలగవు, కాలనీ మొత్తం మీద మసకగా కనిపిస్తుందంతే. 1997లో సీగెలే, హూ ఈ సంగతే చూపించారు. చక్కెరని లోపలికి తెచ్చే ప్రోటీన్‌ని కూడా అరాబినోజే పుట్టిస్తుంది కాబట్టి మొదట కాస్త దొరికిన కణానికే ఇంకా ఇంకా దొరుకుతుంది. ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఉన్న కాలేజీలకి ఇది మంచి ప్రాజెక్టు.

కొనాలా వద్దా? మొదటిసారి చేయించే కాలేజీలు నిస్సందేహంగా కొనొచ్చు. కొలతలన్నీ పరీక్షించినవి, పొరపాట్లని బాగానే తట్టుకుంటాయి. రెండో ఏడాది నుంచి మొత్తం కిట్ అక్కర్లేదు. ఎల్‌బీ అగార్, కాల్షియం క్లోరైడ్, ఆంపిసిలిన్, ఎల్-అరాబినోజ్ విడిగా తెచ్చుకుంటే ఖర్చు బాగా దిగుతుంది, కొనాల్సింది ప్లాస్మిడ్, బ్యాక్టీరియా మాత్రమే. ఒక్క యూవీ షో కోసమే అయితే డబ్బు దండగ. జన్యు నియంత్రణ యూనిట్ చెప్పే వారంలో, లాక్ ఆపెరాన్ అయిపోయిన వెంటనే పెట్టుకుంటే పైసా పైసా గిట్టుబాటవుతుంది.

ప్రయోగం అయ్యాక ప్లేట్లని మామూలు చెత్తలో వెయ్యకండి, అవి ఆంపిసిలిన్‌ని తట్టుకునే బ్యాక్టీరియా. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెట్టండి. అది లేకపోతే పది శాతం బ్లీచ్ ద్రావణం ప్లేట్లలో పోసి కనీసం 20 నిమిషాలు నాననివ్వండి. లూపులు, పిపెట్లకీ అంతే. ఆటోక్లేవ్‌లోకి బ్లీచ్ పోసిన ప్లేట్లు ఎప్పుడూ పెట్టొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. పెన్సిలిన్ ఎలర్జీ ఉన్న విద్యార్థులెవరైనా ఉన్నారేమో ముందే అడిగి, ఆంపిసిలిన్ కలిపే పని వాళ్లకి అప్పగించకండి.